చేపలావిడ దించిన శ్రుతి

స్టీల్ ప్లాంటు కడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం గాజువాకలో బస్సెక్కాను. ఆ సాయంత్రమే గుడిలో మొదటిసారి నేనొక్కదాన్నే కీర్తన పాడాలి, మైకు లేదు. ఇంట్లో అమ్మ దగ్గర విని నేర్చుకున్నదాన్ని. పై శ్రుతిలో ఎత్తుకుంటేనే దూరానికి వినబడుతుందనుకునేదాన్ని. అలా ఎత్తుకుంటే చరణంలో గొంతు చీలిపోయేది. బస్సులో మెల్లగా పాడుకుంటుంటే మళ్ళీ అక్కడే చీలింది.

పక్కన ఖాళీ తట్టతో కూర్చున్న చేపలావిడ నవ్వింది.

"ఏటమ్మా, అంత మీదనెత్తుకున్నావు? ఇంక పైకెలాగెల్తావు?"

"కింద ఎత్తుకుంటే వినబడదు కదమ్మా!"

"ఎందుకినబడదు? గట్టిగా అనడం ఏరు, మీదకెత్తడం ఏరు. నాను పొద్దున్నించి ఈదులన్నీ తిరిగొత్తన్నాను. నా గొంతు పోయిందేటి? సూడు!"

మాట్లాడే గొంతు ఏమాత్రం పైకెక్కించకుండానే "సేపలో!" అని కేకేసింది. డ్రైవరు ఉలిక్కిపడి బ్రేకు వేశాడు.

"అప్పా, తట్టలో సేపల్లేవు గానీ బస్సాపీసినావు!" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వులే.

"ఇప్పుడు నువ్వను," అందావిడ. సిగ్గుపడుతూనే శ్రుతి దించి, గుండె నిండా ఊపిరి తీసుకుని పాడాను. చరణం హాయిగా పైకి వెళ్ళి నిలబడింది. "అదీ!" అని నా వీపు తట్టి, తర్వాతి స్టాపులో దిగిపోయింది.

సాయంత్రం కీర్తన అయ్యాక, చెవులు సరిగా వినబడని ఒక ముసలమ్మ వెనక వరుసలోంచి లేచి వచ్చింది.

"నాకూ ఇనబడిందమ్మా. ఇంకోటి పాడు."

దేవుడి దయవల్ల, గొంతు ఇంకా మిగిలే ఉంది.