పొగ పండుకునే వేళ

ముప్పై ఏళ్లు పిల్లలకు భూగోళం చెప్పాను. నైరుతి గాలి ఎటు నుంచి వస్తుందో, ఈశాన్య గాలి ఎటు పోతుందో బోర్డు మీద బాణాలు గీసి మరీ చూపించాను. మా వాకిట్లో ఏ గాలి ఎప్పుడు ఏం మోసుకొస్తుందో మాత్రం రిటైరయ్యే దాకా తెలియలేదు. నావి ఎంత గాలి పాఠాలో మీరే అర్థం చేసుకోండి.

మా ఇల్లు నల్లగొండలో, గుట్టల నడుమ గిన్నెలాంటి జాగాలో ఉంది. ఎండాకాలం పడమటి గాలి లేచిందంటే మెట్ట చెల్కల ఎర్రమట్టి, ఎండిన చెరువు మట్టి అడ్రసు వెతుక్కుంటూ మా వరండాలోకి వస్తాయి. ఒక ఏడు నా భార్యకు ఊపిరాడని దమ్ము పట్టుకుంది. దుమ్ముకూ పొగకూ దూరంగా ఉంచమని దవాఖానలో డాక్టరు చెప్పాడు. దుమ్ము కంటికి కనిపించేది కాబట్టి ఆ మాట బుర్రకెక్కింది. రెండో మాట చెవి దగ్గరే ఆగిపోయింది. కిటికీలకు తడిగుడ్డలు కట్టాను. వానలు పడి దుమ్ము అణిగాక ఆమె ఊపిరి తేలికైతే, ఆ గొప్ప కూడా నా తడిగుడ్డలదే అనుకున్నాను.

చలికాలం వచ్చింది. గాలి లేదు, దుమ్ము లేదు. ఇంతకన్నా శుభ్రమైన కాలం ఏముంటుందని తెల్లవారుజామునే కిటికీలన్నీ బార్లా తెరిచేవాణ్ణి. మా బడిలోనే లెక్కలు చెప్పి రిటైరైన మిత్రుడు గేటు దగ్గర నిలబడి కేకేసేవాడు. “లేచిన్రా సారూ? మంచి గాలి మీకోసం కాసుకొని కూసున్నది!”

నేనూ నా భార్యా ఆయన వెంట నడిచేవాళ్లం. గుట్ట కింద తెల్లటి తెర పరుచుకుని ఉండేది. “మన ఊరు ఊటీ అయింది,” అని నేను మురిసిపోయేవాణ్ణి. పదిహేను రోజులకు ఆమె దారి మధ్యలోనే ఆగడం మొదలుపెట్టింది.

“నా వల్లగాదు. గుండెల పిల్లి అరుస్తాంది,” అంది.

“అలవాటైతే అదే పోతది,” అన్నాను. పిల్లినన్నానో, భార్యనన్నానో ఆమె అడగలేదు. అడిగేంత ఊపిరి లేదు.

అప్పుడే మా అత్తమ్మ వచ్చింది. పుట్టిన కాడి నుంచీ మగ్గం ఇంట్లో బతికిన మనిషి. తెల్లారి నేను మంకీ టోపీ పెట్టుకుంటుంటే అడ్డం నిలబడింది.

“అల్లుడా, దాన్ని ఏడికి తీస్కపోతున్నవ్?”

“మంచి గాలికి, అత్తమ్మా.”

“ఏడున్నది గాలి? గా పొగ సూడు జర. లేస్తలేదు, గుట్ట కింద పండుకున్నది. పొగ పండుకున్నప్పుడు మనిషి గూడ పండుకోవాలె.”

చూశాను. రాష్ట్రం వచ్చాక మా దిక్కు నీళ్లు పెరిగాయి, నీళ్లతో వరి పెరిగింది. కోతలయ్యాక పొలంలో మిగిలిన కొయ్యకాళ్లకు పెట్టిన మంట, గల్లీ మూలన చెత్తకు పెట్టిన మంట, హోటల్ పొయ్యి, అన్నిటి పొగా కలిసి ఇళ్ల మీద దుప్పటిలా పడి ఉంది. అదే నా ఊటీ.

“పడుగు నూలు గల్లీ పొడుగున పరిచి గంజి పెడ్తం గదా,” అంది అత్తమ్మ. “ఎండకాలమైతే గాలి లేవకముందే, ఇంక తెల్లారకముందు మబ్బులనే పెడ్తం. లేకుంటే దుమ్మంత నూలుకే అంటుతది. చలికాలం ఎండ ముదిరి, పొగ మీదికి పోయినంకనే బయటేస్తం. నూలుకున్న ఇలువ నా బిడ్డకు లేదా?”

నేను గీసిన బాణాలన్నిటికీ దిక్కు ఉంది కానీ వేళ లేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో నూలు వేళలే నడిచాయి. చలికాలం తొమ్మిది దాటితే గానీ కిటికీ తీయలేదు, గేటు దాటలేదు. సంక్రాంతి నాటికి పిల్లి అరుపు తగ్గింది. నా భార్య గుట్ట దాకా ఆగకుండా నడిచి, వెనకబడిన నాకోసం నిలబడేది.

లెక్కల సారు మాత్రం ఊరుకోలేదు. ఛాయ్ హోటల్లో నలుగురి ముందూ, “తొమ్మిది కొట్టింది, మహారాజులు లేచినట్టున్నరు!” అనేవాడు. రోజూ ఇదే వరస.

నేను అత్తమ్మను శరణు కోరాను. ఆమె తను నేసిన తెల్ల తువ్వాళ్లు రెండు గంజిలో ముంచి ఇచ్చింది. ఒకటి వారం రోజులు లెక్కల సారు నడిచే గంట మాత్రమే గేటు మీద ఆరేశాను. రెండోది మేము నడిచే గంట మాత్రమే.

వారం తిరిగాక ఆయన్ని ఇంటికి ఛాయ్‌కి పిలిచాను. చేతులు కడుక్కుని వస్తే మొదటి తువ్వాలు అందించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“గిదేంది సారూ, మసిగుడ్డ ఇచ్చిన్రు?”

“మసిగుడ్డ కాదు సారూ. మీరు పొద్దుగాల పీల్చే మంచి గాలి. మాది గిది.” రెండో తువ్వాలు పక్కన పరిచాను.

ఆయన రెండింటినీ వేలితో రుద్ది, వేలి కొస చూసుకున్నాడు. తలుపు దగ్గర నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఎంతసేపు నవ్విందో! మధ్యలో ఒక్క దగ్గు లేదు.

ఛాయ్ తాగి లేస్తూ లెక్కల సారు గొంతు తగ్గించి అడిగాడు. “రేపు నడకకు ఎన్నింటికి పోతున్రు సారూ?”

“మహారాజులు లేచినంక,” అన్నాను.