మూత్రం గొట్టానికి వైరెందుకు?

పన్నెండేళ్లు గనిలో కరెంటు పని చేసి ఒక్క మోటారైనా కాల్చిన పాపాన పోలేదు నేను. అంతటి పనిమంతుణ్ని, మా బాపును మాత్రం నడివేసవిలో మంచుగడ్డల మధ్య పడుకోబెట్టి గజగజ వణికించాను. ఎలాగో చెప్తాను, నవ్వకండి. సరే, నవ్వుకోండి. భూపాలపల్లిలో అందరూ నవ్వారు, మీరొక్కరే ఎందుకు మానాలి?

తెలంగాణ కోసం ఊరూరా దీక్షా శిబిరాలు నడుస్తున్న రోజులవి. గనిలో పనిచేసి రిటైరైన మా బాపు మల్లయ్య, "భూమి కింద బతికినోన్ని, ఎండకు భయపడుతనా?" అంటూ నెత్తిన తువ్వాలైనా లేకుండా శిబిరం ముందు నిలబడి నినాదాలిచ్చాడు. మూడో నాడు వడదెబ్బ తగిలి పడిపోయాడు. ఊళ్లోనే ఓ ప్రైవేటు దవాఖానలో చేర్చాం.

రెండు రోజులకు తెలివి వచ్చింది, ఒళ్లు చల్లబడింది. మిగిలింది మూత్రం గొట్టమొక్కటే, అదీ సాయంత్రం తీసేస్తామన్నారు. అది మంచం పక్కన వేలాడే సంచిలోకి పోతోంది. బాగానే ఉంది. కానీ ఆ గొట్టంలోంచి ఒక వైరు చీలి గోడ మీది మానిటర్‌లోకి పోతోంది. మూత్రం గొట్టానికి వైరెందుకండీ? కరెంటు మనిషిని, నాకు అన్నం సయిస్తుందా?

"సిస్టర్, గీ వైరేంది?"

సుజాత సిస్టర్‌ది డోర్నకల్, మహా ఓపికమంతురాలు. "లోపట గొట్టం కొసకు సన్నటి సెన్సర్ ఉంటదన్నా. పెద్దాయన లోపలి వేడి ఎంతున్నదో ఎప్పటికప్పుడు గా డబ్బాల చూపిస్తది. వడదెబ్బకు చంకల పెట్టే థర్మామీటర్‌ను నమ్మలేం."

"అబ్బో! మరి గింత మంచిదాన్ని సాయంత్రం తీసేస్తమంటరేంది?"

"ఎంత మంచిదైనా, లోపట ఉన్నన్ని దినాలు క్రిములకు తొవ్వ ఇచ్చినట్టే. మూత్రంల ఇన్ఫెక్షన్ వస్తే మళ్ల జ్వరం, మళ్ల గిదే మంచం. సాయంత్రం దాక వేడి పెరగకుంటే తీసేస్తం. అప్పటిదాక సంచి మంచం కంటే కిందనే ఉండాలె, నేలను తాకొద్దు. నువ్వు ముట్టకు. ముట్టక తప్పకపోతే ముందుగాల చేతులు కడుక్కో."

"ఇన్నవా సమ్మిగా?" అన్నాడు బాపు మంచం మీది నుంచి. "గీ గొట్టంతోని పానం ఇసిగింది. సాయంత్రం ఇంటికి పోయి జొన్న గట్క తినాలె. ఏం ముట్టకు."

ముట్టకూడదనే అనుకున్నాను. కానీ డబ్బాలో అంకె 37.1 ఉండేది కాసేపటికి 37.3 అయింది. మళ్లీ 37.2. గనిలో దీపం ఇలా మినుకుమంటే మాకు ఒకటే అర్థం: లూజ్ కాంటాక్ట్! మనిషి ఒంటి వేడి ఆ మాత్రం అటూ ఇటూ అవుతూనే ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. అడగాలని నాకూ తోచలేదు.

వైరు ప్లగ్గు మంచం పక్కనే ఉంది, అందాలంటే సంచి అడ్డం. దాన్ని తీసి మంచం మీద బాపు కాళ్ల దగ్గర పెట్టాను. ప్లగ్గు పీకి, చొక్కా అంచుతో తుడుద్దామనుకునేలోగా డబ్బా కుయ్యోమంది. బయట అడుగుల చప్పుడు! గాభరాలో చేతికందిన వైరు పట్టుకుని మళ్లీ గుచ్చేశాను.

ఇక్కడే ఉంది నా గొప్పతనం. మొదటి రోజు బాపు చర్మం వేడి చూసిన వైరు ఇంకొకటి అక్కడే పడి ఉంది. దానికీ అచ్చం అలాంటి ప్లగ్గే. నేను గుచ్చింది దాన్ని. దాని రెండో కొస ఎండకు కాలుతున్న కిటికీ ఊచ మీద ఉంది.

38. 40. 42!

"తాతకు మళ్ల తిరగబెట్టింది!" అని సిస్టర్ కేకేసింది. తడిదుప్పట్లు వచ్చాయి, ఫ్యాన్లు వచ్చాయి, చంకల్లో మంచుగడ్డలు దూరాయి.

"ఓ అవ్వా! మంచిగనే ఉన్న గదా, నాకేమైంది?"

"మాట్లాడకు తాతా, నలబైమూడున్నది!"

"పండ్లు టకటక కొట్టుకుంటున్నయి, నలబైమూడు ఎట్లుంటదే?"

నాకు అప్పటికే అర్థమైపోయింది. నోరు విప్పాలి కదా? విప్పలేదు. అసలు ప్లగ్గును దుప్పటి కింద దాచి, అందరికంటే ఎక్కువ పరేషాన్ అయినట్టు నటించాను.

డాక్టరమ్మది మానుకోట. వచ్చి బాపు నుదుటి మీద చేయి వేసింది. డబ్బా వైపు చూసింది. మళ్లీ నుదురు ముట్టింది. తర్వాత వైరును రెండు వేళ్లతో పట్టుకుని దాని వెంటే నడుస్తూ పోయి కిటికీ దగ్గర ఆగింది. ఊచ ముట్టి, చురుక్కుమనేసరికి చేయి లాక్కుంది.

"జ్వరం కిటికీకి వచ్చింది" అంది.

గదిలో అందరూ నన్నే చూశారు. "లూజ్ కాంటాక్ట్ అనుకున్న మేడం..." అని నసిగాను.

నవ్వుతారనుకున్నాను. కానీ సిస్టర్ మంచం మీది సంచిని చూసింది, ఆమె ముఖం మారిపోయింది. "వైరుదేమున్నది అన్నా, సంచి పైకెందుకు పెట్టినవ్? కిందికి పోయిన మూత్రం మళ్ల లోపటికి మర్లుతది. నేను చిలక్కు చెప్పినట్టు చెప్పింది గదే గదా!"

అప్పుడు నిజంగా భయమేసింది నాకు. బాపుకు మళ్లీ జ్వరమొస్తే, అది ఎండ తెచ్చింది కాదు, నేను తెచ్చింది.

డాక్టరమ్మ అసలు ప్లగ్గు పెట్టించి చూసింది. 37.2. నా వైపు ఓ చూపు చూసింది. "గొట్టం, గీ కొడుకు ఒక్క గదిల ఉంటే ఇన్ఫెక్షన్ ఖాయం. కొడుకును పీకలేం. సిస్టర్, గొట్టం ఇప్పుడే పీకెయ్యి."

ఆ తర్వాత వారం రోజులు బాపు వెంట నీళ్ల చెంబు పట్టుకుని తిరిగాను. "బాపూ, మంట ఏమన్న ఉన్నదా?" "లేదురా." "చలి పెడుతున్నదా?" "నువ్వు మంచు పెట్టిననాడు పెట్టింది, మళ్ల పెట్టలే." జ్వరం రాలేదు. నా పానం కుదుటపడింది.

బాపు మాత్రం తువ్వాల చుట్టుకుని శిబిరం నీడలో కూర్చుని అందరికీ చెప్పుకున్నాడు: "డాక్టర్లు సాయంత్రం తీస్తమన్నరు. మావోడు కరెంటు పనోడు గదా, పగటిపూటనే తీపిచ్చిండు!"

గొట్టం పీకిన రోజే గని దీపం సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో మనిషిలోంచి వచ్చే ఏ వైరునూ ముట్టను, అంకె ఎంత మినుకుమన్నా సరే. ముట్టక తప్పకపోతే ముందుగా చేతులు కడుక్కుంటాను.