‘బండిలో వేయండి’ అని రాసి, బండి పంపిన అక్క

తాండూరులో మా అక్క పోయింది. సమాధి మీద మట్టి ఆరకముందే ఒక అన్యాయం మొదలైంది. చేస్తున్నది పట్నం నుంచి వచ్చిన ఒక వెబ్‌సైట్ల కంపెనీ ఏజెంట్లు. "ఆమె లేదు కాబట్టి ఆమె చేసిన సైట్లు ఇక నడవవు, మాకు అప్పగించండి" అని దుకాణం దుకాణం తిరుగుతున్నారు. పచ్చి అబద్ధం! ఎందుకు అబద్ధమో తెలియాలంటే అక్క పనితీరు తెలియాలి.

సొంత అక్క కాదు. స్టేషన్ దారిలో ఫ్లెక్సీల దుకాణం నడుపుతూ, చిన్న వ్యాపారులకు వెబ్‌సైట్లు చేసిపెట్టేది. నేను వికారాబాద్ నుంచి రోజూ రైలెక్కి వెళ్లి ఆమె దగ్గర పని నేర్చుకున్నాను. డెంగీ అని ఆసుపత్రిలో చేర్చారు, తగ్గుతోందన్నారు. చూసిరావడానికి బయలుదేరి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగా వాళ్లాయన ఫోన్ చేశాడు. "ఇగ తొందరేం లేదు తమ్మీ, నిమ్మలంగ రా" అన్నాడు.

నేను చేరిన కొత్తలో నా సంచినిండా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కరపత్రాలే. కంపెనీల సాఫ్ట్‌వేర్‌తో సైటు కట్టడం బానిసత్వమని, కోడ్ మొత్తం మనమే రాయాలని వెళ్లిన రోజే ఉపన్యాసం దంచాను. కోట్‌పల్లి నుంచి సైటు చేయించుకోవడానికి వచ్చిన టైలరమ్మ నోరు తెరుచుకుని విన్నది. అక్క నన్ను చివరిదాకా మాట్లాడనిచ్చింది.

"మస్తు చెప్పినవ్ తమ్మీ. రేపు గీమెకు జరమొస్తది. దుకాణం బంద్ అని సైటుల రాయాలె. నీకు ఫోన్ చేస్తే నువ్వు రైలు దిగినంక వచ్చి రాస్తవా?"

"రైలు లేటైతే నా జరం గూడ తగ్గుతది" అంది టైలరమ్మ.

సైటు కట్టే సాఫ్ట్‌వేర్‌ను అక్క ఎప్పుడూ తాను ఎంచుకోలేదు. రెండు మూడు రకాలు ఆ దుకాణం వాళ్ల ఫోన్‌లోనే తెరిచి ఇచ్చి, "‘ఈరోజు బంద్’ అని రాయి" అనేది. మేం నోరు విప్పకూడదు. టైలరమ్మ మొదటిది చూసి "గిన్ని మీటలేంది తల్లీ, ఇమానం తోలినట్టున్నది" అని పక్కన పెట్టింది. నేను పిల్లల బొమ్మరిల్లని వెక్కిరించిన రెండో దాంట్లో మాత్రం గబగబా రాసేసి, మా ముఖాలు చూసింది. "మన చేతికి గాదు తమ్మీ, ఆమె చేతికి రావాలె" అంది అక్క.

అయినా అంతటితో ఒప్పుకునేది కాదు. "రేపు దీన్ని ఇడిసిపోవాలంటే ఏం తీస్కపోతం?" అని నన్ను వెతకమనేది. రాతలు, ఫోటోలు దించుకోవడానికి వీల్లేకపోతే ఎంత అందమైనదైనా వద్దనేది. సైటు చిరునామా దుకాణదారు పేరునే, వాళ్ల ఫోన్ నంబరు మీదే తీసుకునేది. "గిది నీ కరపత్రంలదే, మంచిగున్నది" అంది ఒకసారి. ఆ సాయంత్రం వికారాబాద్ దాకా రైల్లో నాలో నేనే నవ్వుకున్నాను.

ఆమెకూ పొరపాట్లు జరిగేవి. బండల పాలిష్ యూనిట్‌కు చేసిన సైటులో, సరుకు ఎంచుకునే మీట మీది ‘యాడ్ టు కార్ట్’ను సాఫ్ట్‌వేర్ తనంతట తానే ‘బండిలో వేయండి’ అని తెలుగు చేసింది. తెలుగు బాగానే ఉందని మేమూ వదిలేశాం. పెద్దేముల్‌లో ఇల్లు కట్టుకుంటున్న ఒకాయన ఆ మీట నొక్కి, సైటు అడుగున ఉన్న మా దుకాణం నంబరుకు ఫోన్ చేశాడు.

"బండల్ బండిల ఏసినట్టు చూపెడ్తున్నది. మేస్త్రి కూసున్నడు, కలిపిన సిమెంటు మాలు గట్టిపడ్తున్నది. బండేది?"

నేను పగలబడి నవ్వి, అది అనువాదం తప్పని వివరించబోయాను. అక్క ఫోన్ లాక్కుంది. "ఎల్లింది అన్నా, దారిల ఉన్నది." ఎక్కడిది! అప్పటికప్పుడు ట్రాలీ ఆటో మాట్లాడి, బండలెత్తించి, డ్రైవర్ పక్కన కూర్చుని తానే వెళ్లింది. జుట్టునిండా రాతిపొడితో తిరిగొచ్చి, "మనం రాసినం, ఆయన నమ్మిండు. గంతే" అని మీట మీది మాట మార్చడానికి కూర్చుంది.

ఇప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్ ఏది కనబడినా ఫోటో తీసి ఆమెకు పంపబోతాను. పేరు దగ్గరికి వచ్చి వేలు ఆగిపోతుంది. రైలు తాండూరులో ఆగగానే కాళ్లు వాటంతటవే స్టేషన్ దారి పడతాయి. ఆమె ఉంటే ఆ ఏజెంట్లకు చాయ్ పోసి, ‘ఇడిసిపోవాలంటే ఏం తీస్కపోతం?’ అని మెల్లగా అడిగేది. నాకా ఓపిక లేదు. కాలర్ పట్టుకోవాలనే ఉంది.

నిన్న టైలరమ్మ ఫోన్ చేసింది. "తమ్మీ, నా ఫోన్‌ల ఏందో నంబరొచ్చింది. చెప్పుమని గా పట్నపోళ్లు మీద కూసున్నరు. చెప్పాల్నా?"

"చెప్పకు చిన్నమ్మా. చెప్తే నీ సైటు వాళ్లదైతది."

"అక్కనడుగుదును... లేదు గద. అందుకే నిన్నడుగుతున్న."

అక్క చేతి సైటున్న అందరికీ చెబుతున్నాను: అది మీది, మీ పేరునే ఉంది. ఫోన్‌కు వచ్చే ఆ నంబరు ఎవరికీ చెప్పకండి. ఈ ఆదివారం ఉదయం పది గంటలకు ఫోన్లు పట్టుకుని అక్క దుకాణానికి రండి. పాస్‌వర్డులు మీ చేతులతో మీరే మార్చుకోండి. నేను చూపిస్తాను, ముట్టుకోను. అక్క వాళ్లాయన తాళం ఇచ్చాడు గానీ, మొన్న ఆ షట్టర్ నా ఒక్కడి వల్ల మోకాలెత్తు దాకే లేచింది. వంగి చూస్తే నేల మీద సన్నటి ఎండ, ఆ ఎండలో ఆమె పనిలో వేసుకునే చెప్పులు. రోజూ ఒక్కతే ఎలా ఎత్తేదో! ఇద్దరు ముగ్గురు పదికి జర ముందే రండి.