మొదటి కోత డబ్బా

ఉజి ఊళ్ళో కువబరా వారి తేయాకు కొట్టులో పంతొమ్మిదేళ్ళు నేను తిరగళ్ళ గదిలో పనిచేశాను. ఒక్కో రాతి తిరగలి గంటసేపు తిరిగినా గుప్పెడు పొడి రాలడం గగనం. తొందరపడి వేగం పెంచితే రాయి వేడెక్కి పొడి కమ్మదనం పోతుంది. ఏ తోట ఆకు ఎంత పాళ్ళలో మా గదికి రావాలో తేల్చేది నిషిదె సుమియె.

ఈ సంగతి జరిగేనాటికి ఆమెకు అరవై రెండేళ్ళు. ఒంటరి మనిషి. వాసన పట్టే పని కదా అని వెల్లుల్లి మానేసింది, పరిమళం ఉన్న సబ్బు కూడా వాడేది కాదు. ఉత్తరం కిటికీ పక్కన కూర్చుని, తెల్లకాగితం మీద చిటికెడు పొడి వేసి, చెక్కబద్దతో సన్నగా పరిచి చూసేది. పచ్చదనంలో ఏ మూలైనా పసుపు పొడ కనిపిస్తే పక్కన పెట్టేసేది. వసంతంలో నీడపందిళ్ళ కింద పెరిగిన లేతాకు మొదటి కోత. వేసవిలో కోసే ముదురాకు రెండో కోత; అది కేకుల్లోకీ ఐస్‌క్రీముల్లోకీ పోయేది. ఆ రెండూ ఒకే డబ్బాలో చేరడం ఆమె హయాంలో ఎన్నడూ జరగలేదు.

ఆ ఏడు ఏప్రిల్లో మంచు కాటుకు సగం చిగురు మాడిపోయింది. ఇటు చూస్తే, కొట్టు తెరవకముందే దేశదేశాల వాళ్ళు బయట బారులు తీరేవారు. ఆగస్టులో ఒకరోజు చిన్న యజమాని షోహెయ్ సుమియె గదిలోకి వచ్చాడు. నమూనా పొడి పట్టుకుని నేనూ అక్కడే ఉన్నాను.

"నిషిదె గారూ, మొదటి కోత డబ్బాలో రెండో కోత ఐదో వంతు కలుపుదామండీ. వగరు తెలీకుండా సర్దడం మీకెంత పని?"

"సర్దొచ్చు. డబ్బా మీద రాసినదాన్ని ఏం చేద్దాం?"

"కొనేవాళ్ళు పాలల్లో కలుపుకు తాగుతున్నారు. ఎవరికి తెలుస్తుందండీ?"

"ఒట్టి నీళ్ళతో తాగేవాళ్ళు ఇంకా చచ్చిపోలేదు బాబూ."

"సరుకు లేదని కొట్టు మూసేస్తే తిరగళ్ళ గదిలో ఆరుగురు ఇంటికి పోవాలి. ఆ మాట మీరే వాళ్ళకి చెప్పండి" అని అతను నావైపు చూశాడు.

నేను తల దించుకున్నాను. సుమియె కూడా నావైపు చూసింది. ఆ సాయంత్రమే కలిపింది.

ఒక్కరూ తప్పు పట్టలేదు. డబ్బాలు ఎప్పటిలాగే అమ్ముడుపోయాయి. అయితే సుమియెకు తిండి సయించడం మానేసింది. నవంబరులో ఒకరోజు, "మకీ, ఆదివారం తొకునగ టీచర్ గారింటికి వెళ్ళాలి. తోడొస్తావా? ఒక్కదాన్నీ గుమ్మం ఎక్కలేను" అంది.

తొకునగ ఫుస గారు తేనీటి విద్య నేర్పే పెద్దావిడ. ముప్పై ఏళ్ళుగా మా డబ్బాయే వాడుతున్నారు. మమ్మల్ని కూర్చోబెట్టి, పొడి జల్లించి, గిన్నె వెచ్చజేసి, రెండు చెంచాలు వేశారు. నీళ్ళు మాత్రం మామూలుకంటే బాగా చల్లార్చి పోశారు. చిన్న వెదురు కవ్వంతో సన్నని నురగ వచ్చేదాకా చిలికి సుమియె ముందు పెట్టారు. సుమియె మూడు గుక్కల్లో తాగేసి, గిన్నె దించి, రెండు చేతులూ చాపకు ఆనించి జరిగిందంతా చెప్పింది.

ఫుస గారు ఖాళీ గిన్నె తన దగ్గరికి తీసుకున్నారు.

"డబ్బా తెరిచిన రోజే తేడా తెలిసిందమ్మా."

"మరి ఒక్క మాట అనలేదేమండీ?"

"నీ ముక్కు పోయిందనుకున్నాను. వయసు మీద పడింది కదా. నేను నోరు జారితే నీ పని పోతుందేమోనని ఊరుకున్నాను. వగరు తగ్గుతుందని నీళ్ళు చల్లార్చి పోస్తున్నాను. నేర్చుకునేవాళ్ళు అడిగితే, నా చెయ్యి సరిగా తిరగట్లేదని చెప్పాను."

రైల్లో సుమియె కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. దిగబోయే ముందు, "మోసం చేశావని తిట్టినా బాగుండేది మకీ. ఆవిడ నా కోసం అబద్ధం ఆడింది" అంది.

మర్నాడే ఆమె షోహెయ్‌ని, డబ్బా మీద 'మొదటి కోత' అన్న మాట తీసేయమని అడిగింది. "ఈ ఒక్క ఏడాదికీ ఓర్చుకోండి" అని బతిమాలాడతను. ఆమె నెలాఖరుకు మానేసింది. ఆ డబ్బా అలాగే అమ్ముడుపోతూ వచ్చింది.

నిషిదె గారికి వాసన తెలియడం లేదట, అందుకే మాన్పించారట అని ఊళ్ళో పుకారు పుట్టింది. ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. ఆమె కాదనలేదు. కాదంటే అసలు కారణం చెప్పాలి, చెబితే మా ఆరుగురి పొయ్యిలో పిల్లి లేవదు.

ఇప్పుడామె ఏటా మే నెలలో కూలీలతోపాటు నీడపందిళ్ళ కింద ఆకు కోస్తోంది. ఫుస గారికి ఒక చిన్న రైతు దగ్గర పొడి ఎంచి పెడుతోందని విన్నాను. నేనింకో నాలుగేళ్ళు కువబరా వారి కొట్టులోనే పనిచేశాను. నిషిదె గారి ముక్కు నిజంగానే పోయిందా అని ఎవరైనా అడిగితే, ఏమో, నాకు తెలీదండీ అనేదాన్ని.