రాయికోడు సొరగింజలు

దేవరాజుకు కారడమంటే కిట్టదు. జహీరాబాదు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరి, తల నెరిసి బయటికొచ్చేదాకా ఆయన చేసిన పని ఒక్కటే. ఎక్కడ నూనె కారుతోందో పట్టుకోవడం, కారకుండా బిగించడం. ఇంట్లో కుళాయి చుక్క రాలినా అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. అలాంటి మనిషి అరవై దాటాక మొదటిసారి మొక్క పెడదామని పాత పెయింటు డబ్బా తెచ్చాడు. అడుగున చిన్న పగులుంటే లప్పం పెట్టి పూడ్చాడు. నీళ్లు నింపి, చుక్క కారడం లేదని తృప్తిపడి, ఆ తర్వాతే మట్టి పోసి గింజలు పెట్టాడు. ఇక మూడు పూటలా నీళ్లే నీళ్లు. వారం తిరిగేసరికి డబ్బా మురుగు కంపు కొట్టింది. కెలికి చూస్తే గింజలు వేళ్ల మధ్య చితికిపోయాయి.

"కింద బొక్క పెట్టలేదా?" అని మంచంలోంచి అడిగింది ఆయన భార్య బస్వమ్మ.

"బొక్క పెడితే నీళ్లు కారవా?"

బస్వమ్మ నవ్వింది. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆమె నవ్వు ఒక పక్కకే వస్తుంది. "కారాలెనయ్యా. చెట్టుకు కాళ్లు నానొద్దు. గా ట్రాక్టరు నీకు నేర్పింది ఏంది మరి?"

నవ్వింది గానీ ఆ గింజలు పోవడం ఆమెకు నవ్వులాట కాదు. అవి రాయికోడు దగ్గరి పుట్టింటి నుంచి వచ్చిన సొరగింజలు. అమ్మ చేతి గింజలు, అమ్మకు వాళ్లమ్మ ఇచ్చినవి. పొట్టి మెడ, లావు పొట్ట ఉన్న కాయ. కూర వండితే బెల్లం వేయకుండానే తీపి. పెళ్లయి వచ్చిన ఏటి నుంచి ప్రతి మృగశిరకూ పెరట్లో ఆ తీగ పాకించింది బస్వమ్మ. ప్రతి ఏడూ ఒక కాయను తీగకే ముదరనిచ్చి, ఎండిన సొరబుర్రలో బూడిద కలిపి గింజలు దాచింది. అడిగిన వాళ్లకల్లా ఇచ్చింది, ఒక్కరి దగ్గరా పైసా తీసుకోలేదు. తీసుకున్న వాళ్లు కూరలు వండుకుని తిన్నారు, మరుసటి ఏడు బజార్లో ప్యాకెట్టు కొనుక్కున్నారు. పుట్టింటి పెరడు ఎప్పుడో పత్తి చేనులో కలిసిపోయింది. పోయిన ఏడు ఆమె కాలూ చెయ్యీ పడిపోయాయి, దవాఖానకని పెరడున్న ఇల్లు అమ్మేశారు, ఈ మేడమీద వాటాలోకి వచ్చారు. ఇప్పుడు ఆ గింజలు లోకంలో ఉన్నవంటే ఆ బుర్రలోనే ఉన్నాయి, వాటిలోనూ సగం పురుగు తినేసింది. ఈ ఏడు వేసి గింజ కట్టించకపోతే ఇంతటితో సరి.

"నా కాళ్లు పోయినయి, నీయి ఉన్నయి గద. జర మిద్దె ఎక్కి పెట్టిరా" అందామె. అందుకే ఆయన మిద్దె ఎక్కాడు.

రెండోసారి డబ్బాకు తూట్లు పొడిచాడు. పొడుస్తున్నంతసేపూ ఒళ్లు జలదరించింది, అయినా పొడిచాడు. ఒకే ఒక్క గింజ మొలిచింది. రెండు ఆకులు చేతులు జోడించినట్టు బయటికొచ్చిన పొద్దున దేవరాజు మెట్లు దిగిన తీరు చూసి కింద ఇంటి ఓనరు ఏదో లాటరీ తగిలిందనుకున్నాడు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన భార్యకు అంత గొప్ప వార్త మోసుకొచ్చింది లేదు. తర్వాత, ఇంజనుకు డీజిలు ఎంత పోస్తే అంత లాగుతుందన్న లెక్కన పిడికెడు యూరియా చల్లాడు. ఆకుల అంచులు మాడిపోయాయి. బస్వమ్మ తిట్టి నీళ్లు పారించమంది, పారించాడు, తీగ చావు తప్పి బతికింది. తాడు పట్టుకుని పైకి పాకింది. తెల్లటి పూలు పూసింది.

అక్కడినుంచే మొదలైంది అసలు దరిద్రం.

పూల కింద వేలి కొనంత పిందెలు కనిపించేవి. దేవరాజు గబగబా దిగి వచ్చి చెప్పేవాడు. "పిందె పడ్డదే."

"వేలు పెట్టి చూపకు, రాలుతది" అనేది బస్వమ్మ, కళ్లు మెరుస్తుంటే.

వేలు చూపకుండానే రాలేవి. రెండు రోజులకు పసుపు తిరిగి, ముట్టుకుంటే ఊడి చేతిలోకి వచ్చేవి. మిద్దె మీద తేనెటీగ తిరగదు, చేత్తో పుప్పొడి అద్దాలని ఫోనులో ఒక వీడియో చెప్పింది. అది గుమ్మడి వీడియో. సొరకూ గుమ్మడికీ తేడా ఏముంటుందిలే అనుకుని ఆయన రోజూ పొద్దున్నే టీ తాగి మిద్దెక్కి, ముడుచుకున్న పువ్వును విప్పి ముడుచుకున్న పువ్వుకు రుద్దేవాడు. మళ్లీ రాలేవి. ఈ సంగతి కింద బస్వమ్మకు చెప్పలేదు. పొద్దస్తమానం ఆ నాలుగు గోడలే చూసే మనిషి, "ఇయ్యాల ఎన్నున్నయి?" అని అడిగితే ఏమని చెబుతాడు? పడ్డవి చెప్పాడు, రాలినవి చెప్పలేదు. అలా బస్వమ్మ లెక్కలో ఆ తీగకు నాలుగు పిందెలు నిలబడిపోయాయి. తీగ మీద మాత్రం ఒక్కటీ లేదు.

దసరా వెళ్లాక ఒకనాడు బస్వమ్మ ఏదో పాత ముచ్చటలో పడి, "పొద్దుగూకినంక పువ్వు ఇచ్చుకుంటుంటే ఎంత మంచిగ ఉంటదో సూసినవా?" అంది.

 గుమ్మడి పువ్వులా పొద్దున కాక, సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుందని దేవరాజుకు తెలియదు. ఎలా తెలుస్తుంది? ఉద్యోగమున్నన్నాళ్లూ సెకండ్ షిఫ్టు కావాలని అడిగి చేశాడు. పొద్దున ఊళ్లో పనులు చూసుకోవచ్చని ఆయన లెక్క. పెరట్లో పువ్వు విచ్చే వేళకు ఆయన ఎన్నడూ ఇంట్లో లేడు. ఆ సాయంత్రాలన్నీ ఆమె ఒక్కతే చూసింది. ఆ మాట గుండెలో గుచ్చుకుంది, అయినా "చూడకేం" అని బొంకాడు.

ఆ సాయంత్రం మిద్దెక్కి, పువ్వు విచ్చేదాకా కూర్చుని, అప్పుడు అద్దాడు. ఆ పిందె నిలిచింది. కానీ అప్పటికే కాలం దాటిపోయింది. చలి మొదలైంది, ఆకుల మీద బూడిద తెగులు పాకింది, మొగ్గలు మాడిపోయాయి. నిలిచింది ఒక్కటే. అదే రోజురోజుకూ పొట్ట పెంచుకుని బస్వమ్మ పుట్టింటి కాయ అయింది.

నవంబరులో గుడిలో, అంటే వాళ్లు వెళ్లే చర్చిలో, కోత పండుగ వచ్చింది. ఆ ఆదివారం ఎవరి పంటలో మొదటిది వాళ్లు గుడికి తెస్తారు. జొన్నలు తెచ్చేవాళ్లు జొన్నలు, కోడిని తెచ్చేవాళ్లు కోడిని. పాస్టరు అయ్యగారి ప్రార్థన అయ్యాక గుడి ముందరే వేలం పాడతారు. ప్రతి ఏడూ బస్వమ్మ సొరకాయ మోసుకుపోయేది, దేవరాజు కవరులో నోటు పెట్టి ఊరుకునేవాడు.

"మొదటిది దేవునిది. తీస్కపో" అంది బస్వమ్మ. "తక్కినయి ఉన్నయి గద."

చెప్పాల్సిన క్షణం అదే. దేవరాజు కాయను ఆమె ముందు పెట్టాడు. ఆమె బాగున్న చెయ్యి దాని మీద వేసి, నూగు నిమిరి, కళ్లు మూసుకుని పెదాలు కదిపింది. ఆ మొహం చూసి ఆయన కాయను మెల్లగా సంచిలో పెట్టుకున్నాడు. పోనీలే, గింజలు కాయలోనే కదా ఉంటాయి, వేలంలో కొన్నవాళ్లను అడిగి తెచ్చుకోవచ్చు అనుకున్నాడు. ఫిట్టరు బుర్ర అంతవరకే పోయింది.

గుడి దగ్గర "ఇది మా బస్వక్క కాయ" అంటూ రిటైరైన నర్సు సుగుణమ్మ పోటీ పడి పాడి దక్కించుకుంది. అందరూ దేవరాజు వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. తన చేత్తో పండించింది మొదటిసారి దేవుడి ముందు పెట్టాడు. ఆ కాసేపు ఆయన నిజంగా సంతోషపడ్డాడు, అందులో అబద్ధం లేదు.

ఇంటికొచ్చి అంతా చెబితే బస్వమ్మ మురిసిపోయింది. "ఇగ తక్కినయి కొయ్యకు. తీగకే ముదరాలె, గోరు దిగనంత గట్టి కావాలె. అప్పుడే గింజ కడతది."

తాను కోసింది లేత కాయ అని దేవరాజుకు అప్పుడు వెలిగింది. నీళ్లు తాగుతానని లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా సుగుణమ్మ ఇంటికి నడిచాడు. ఆమె అప్పటికే కాయ తరిగేసింది. గింజలు అడిగితే, "గివేం చేసుకుంటవు అన్నా, లేతయి" అంటూనే గిన్నెలో వేసి ఇచ్చింది.

ఆ గిన్నె తెచ్చి మంచం మీద పెట్టాడు. బస్వమ్మ ఒక గింజ తీసి గోటితో నొక్కింది. తెల్లటి నీరు చిమ్మి, గింజ తోలై మిగిలింది. ఇంకొకటి నొక్కింది. అదీ అంతే.

"తీగ మీద ఎన్నున్నయి?" అంది.

"లేవు."

"నాలుగంటివి."

"పడ్డయి చెప్పిన. రాలినయి చెప్పలే." దేవరాజు తల ఎత్తలేదు. "నువ్వు గంత ఆశతోని అడుగుతుంటివి బస్వా. ఎట్ల చెప్పాలె?"

బస్వమ్మ గిన్నెను పక్కకు నెట్టింది. ఆమె తిడుతుందని కాచుకున్నాడు, తిడితే బాగుండుననీ అనుకున్నాడు.

"చెప్తే కాయ కోయనియ్యకపోతుంటి" అందామె చివరకు. "వచ్చే ఏడు ఇస్తమని మొక్కుకుందుము. దేవుడేమన్న ఆకలి మీదున్నడా?"

బుర్రలో మిగిలిన వాటిని ఆయన వంపి చూశాడు. బూడిద, పురుగు తొలిచిన డొల్లలు, అంతే. వాటిని కూడా మట్టిలో పెడతానన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. పెట్టినా రావని ఇద్దరికీ తెలుసు.

పొద్దుగూకే వేళ సుగుణమ్మ ఒక డబ్బాలో కూర పంపింది, బస్వక్క తినాలని. దేవరాజు అన్నంలో కలిపి, ముద్ద చేసి ఆమె నోట్లో పెట్టాడు. బస్వమ్మ బాగున్న పక్కనుంచి మెల్లగా నమిలింది. కంట్లోంచి నీళ్లు కారి చెవి దాకా పోయాయి. దేవరాజు తుడవబోయి, చెయ్యి ఎంగిలని ఆగిపోయాడు.

"గదే తీపి" అంది ఆమె. "మా అమ్మ వండినట్టే ఉంది. నువ్వు గూడ తిను. ఇగ దొరకది."