చీర కనిపించని బ్రౌజర్

"అంచులు మాత్రమే పంపినావేమప్పా, చీర యాడుండాది?"

బెంగుళూరు చీరల వ్యాపారి ఫోన్లో అడిగిన ఈ ప్రశ్న మా బావకు అర్థం కాలేదు. ధర్మవరంలో ఇంటి పక్కనున్న ఎస్టీడీ బూత్ నుంచి వెంటనే హిందూపురానికి, నేను పనిచేసే పత్రికాఫీసుకు ఫోన్ చేశాడు. ఆ చీరలను ఇంటర్నెట్లోకి ఎక్కించింది నేనే మరి.

బావ అంటే మా అక్క భర్త. పట్టుచీరల అంచులకు, కొంగులకు డిజైన్లు గీయడం ఆయన పని. గ్రాఫ్ కాగితం మీద గడి గడికీ పెన్సిలుతో రంగు నింపి హంసలు, రుద్రాక్షలు, గోపురాలు తెచ్చేవాడు. ఆ గ్రాఫ్ చూసి అట్టలకు రంధ్రాలు కొట్టి మగ్గానికి కడతారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ధర్మవరానికి కంప్యూటర్ మీద డిజైన్లు చేసే దుకాణాలు వచ్చాయి. బావ వారమంతా గీసేదాన్ని వాళ్లు ఒక పూటలో తీసి ఇస్తున్నారు. పాత గిరాకీలు ఒక్కొక్కరుగా అటు మళ్లారు. అలాంటప్పుడు ఈ బెంగుళూరు వ్యాపారి, చేత్తో గీసిన పన్నెండు అంచులు చూపిస్తే రాబోయే పెళ్లిళ్ల కాలానికి డిజైన్లన్నీ నీతోనే చేయిస్తానన్నాడు. కాగితాల చుట్టలు మోసుకు రావద్దు, మా ఆఫీసులో నెట్ ఉంది, అందులో పెట్టు, చూస్తాం అన్నాడు.

ఆ మాట వినగానే నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. అప్పటికి ఏడాదిగా నాకు వెబ్‌సైట్ల పిచ్చి పట్టి ఉంది. ఊరికే చోటిచ్చే ఒక కంపెనీలో కాసింత స్థలం తీసుకుని, ఇతరుల పేజీల లోపల ఏం రాసి ఉందో చూసి నేర్చుకుని, లేపాక్షి మీద నాలుగు పేజీలు కట్టుకున్నాను. మొదటి పేజీ తెర మీద కనిపించిన రోజు, నా పేరుతో మొదటి వార్త అచ్చయిన రోజుకంటే ఎక్కువ సంబరపడ్డాను. ఇది అబద్ధం కాదు.

బావ డిజైన్లను స్కాన్ చేయించి, పన్నెండు చీరలనూ ఒక పేజీలో పరిచాను. పెద్ద బొమ్మలైతే మోడెం మీద దిగడానికి యుగాలు పడుతుంది. అందుకని అంచునూ కొంగునూ బొమ్మలుగా పెట్టి, మధ్యలో పెద్దగా ఉండే చీర భాగానికి బొమ్మ వాడలేదు. పేజీని గడులుగా విడగొట్టే పట్టికలో ఒక ఖాళీ గడి తీసుకుని, దానికి లక్క ఎరుపులాంటి అరక్కు రంగో ఆకుపచ్చో వెయ్యమని రాశాను. పేజీ చిటుక్కున తెరుచుకునేది. నా తెలివికి నేనే మురిసిపోయాను. హిందూపురంలో ఏ నెట్ సెంటర్‌లో చూసినా చీరలు నిండుగా, నిగనిగలాడుతూ కనిపించాయి.

బెంగుళూరులో మాత్రం చీర లేదు.

నేనే ఆ వ్యాపారికి ఫోన్ చేశాను. పేజీ తెరిచినప్పుడు పైన మూలలో ఏ బొమ్మ ఉందో చెప్పమన్నాను. "ఓడ తిప్పే చక్రం ఉండాది," అన్నాడు. అప్పుడు అర్థమైంది. ఆయనది కంప్యూటర్‌తో పాటే వచ్చే బ్రౌజర్ కాదు, విడిగా ఎక్కించుకునే రెండోది. ఒకే పేజీని ఈ రెండూ రెండు రకాలుగా చదువుతాయని విన్నానే కానీ కళ్లారా చూడలేదు.

"శనివారం మా అన్నదమ్ములంతా కూర్చుంటారు. అంతలోపల చీర చూపించండి. లేకుంటే ఇంకొకర్ని చూసుకుంటాం, బేజారు చేసుకోవద్దు," అన్నాడాయన. ఆ రోజు మంగళవారం.

ఆ రెండో బ్రౌజర్ హిందూపురంలో నాకు దొరకలేదు. నెట్ నుంచి దించుకుందామంటే సగంలోనే లైను తెగిపోయేది. విచారించగా పెనుకొండలో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ నడిపే ఒక మేడం దగ్గర, కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ నుంచి ఒక మిషన్‌లో ఎక్కించి పెట్టారని తెలిసింది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు వరకు, పిల్లలు భోజనాలకు పోయినప్పుడు, వాడుకోవచ్చని ఆమె ఒప్పుకున్నారు.

బుధవారం జేబులో ఫ్లాపీ పెట్టుకుని ప్యాసింజర్ ఎక్కాను. ఒక పేజీ ఎలా కనిపిస్తుందో చూసుకోవడానికి రైలెక్కి పోవడం ఇప్పుడు చెబితే నవ్వుతారు. నాకు మాత్రం ఆ గంట ప్రయాణం పెళ్లిచూపులకు పోతున్నట్టే ఉంది.

పెనుకొండలో పేజీ తెరిచాను. వ్యాపారి చెప్పింది నిజమే. పైన అంచు, కింద అంచు, పక్కన కొంగు, నడుమ బోసిగా బూడిద రంగు.

"బాగుండాది సార్, చీర కట్టకుండానే విప్పేసినారు," అన్నారు మేడం టిఫిన్ డబ్బా మూస్తూ.

గడి వెడల్పులు మార్చాను. ఎత్తులు మార్చాను. పత్రికలో కాలమ్‌లు కొలిచే అలవాటు నాది, తప్పంతా కొలతల్లోనే ఉంటుందనుకున్నాను. రెండు కాగానే పిల్లలు వచ్చేశారు. గురువారం మళ్లీ వెళ్లాను. రంగు పేరు బదులు సంఖ్య రాశాను, పట్టిక లోపల ఇంకో పట్టిక పెట్టాను. బూడిద రంగు కదలలేదు. నిజం చెప్పాలంటే అంత చికాకులోనూ నాకు ఉత్సాహం తగ్గలేదు. ఒక్కటే రాత, రెండు కిటికీలు, ఒకదాంట్లో చీర ఉంది, ఇంకోదాంట్లో లేదు. ఎందుకు లేదో తెలిసేదాకా అన్నం సయించేలా లేదు. నాకిది ఆట. బావకు మాత్రం ఇది బతుకు. గురువారం సాయంత్రం ఫోన్లో, "అయితాదా లేదా చెప్పబ్బా. కాదంటే కాగితాలు ఎత్తుకోని నేనే పోయి కాళ్లు పట్టుకుంటా," అన్నాడు. రేపు పెనుకొండకు నువ్వూ రా అన్నాను.

శుక్రవారం ధర్మవరం నుంచి ఆయన, హిందూపురం నుంచి నేను పెనుకొండలో దిగాం. బావ కంప్యూటర్ ముందు కూర్చోలేదు. అది తన పని లాక్కున్న వస్తువు. కుర్చీ వెనక చేతులు కట్టుకుని నిలబడి చూశాడు.

"ఈ గడిలో ఏం పెట్టినావు?"

"ఏమీ పెట్టలేదు బావా. రంగు వెయ్యమని రాసినా, అంతే."

"ఏమీ లేకుంటే రంగు దేనికంటుకుంటాది?"

నేను వెనక్కి తిరిగి చూశాను.

"అట్ల చూస్తావేం? నా గ్రాఫ్‌లో ఖాళీ గడి ఉంటాది. ఖాళీ అంటే పూవు లేదని. పోగు లేదని కాదు. పోగు లేకుండా రంగెట్ల అద్దుతావబ్బా, గాలికా?"

"మీ బావగారే నయం సార్," అన్నారు మేడం.

గడిలో ఏదో ఒకటి ఉండాలి. ఏం పెట్టాలి? పత్రిక వాడిని, చేతికి వచ్చింది చుక్క. వాక్యం చివర పెట్టే మామూలు చుక్కనే గడి మధ్యలో పెట్టి, కనిపించకుండా దానికీ అరక్కు రంగే ఇచ్చాను. భద్రపరిచి, పేజీని మళ్లీ తెరిచాను.

అరక్కు రంగు అంచు నుంచి అంచుకు నిండిపోయింది.

నేను బల్ల మీద చరిచాను. మేడం పరుగెత్తుకొచ్చారు. బావ మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చుని తెరకు ముక్కు ఆనించాడు. "చుక్క యాడుండాదో కనపడేలేదే," అన్నాడు, దొరక్కపోతే బాగుండునన్నట్టు వెతుకుతూ.

అప్పటికి ఒంటిగంటన్నర. మిగిలిన పదకొండు చీరలకూ చుక్కలు పెట్టుకుంటూ పోయాను. అన్నీ అయ్యాక మొదటి బ్రౌజర్‌లో చూస్తే కొత్త తంటా. సన్నని జరీ గీతలను కూడా నేను ఖాళీ గడులతోనే గీశాను. వాటిలోనూ చుక్క పెట్టేసరికి ఉబ్బిపోయాయి.

"ఇదేం జరీ అప్పా, మోకు మాదిరి ఉండాది," అన్నాడు బావ.

ఆ గీతల్లో చుక్కలు తీసేసి, అంచు బొమ్మలోంచే సన్నని ముక్క కోసి అతికించాను. రెండు బ్రౌజర్లనూ పక్కపక్కన తెరిచి పెట్టాం. ఇటు పన్నెండు, అటు పన్నెండు. పిల్లలు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. మేడం వాళ్లను లోపలికి పిలిచి చూపించారు. లైను రెండుసార్లు తెగింది, మూడోసారికి పేజీ పైకి ఎక్కింది.

శనివారం నేను ధర్మవరంలోనే ఉన్నాను. బూత్ ఆయన పిలిస్తే బావ చెప్పులు లేకుండానే పోయాడు. నేను వెనకే పోయి అద్దాల తలుపు బయట నిలబడ్డాను. బావ తల ఊపుతున్నాడు, మాటలు వినిపించలేదు. పావుగంటకు బయటికి వచ్చాడు.

"పెండ్లిండ్ల పని మనదే. నాలుగోది, ఏడోది మొదట కావల్లంట." ఆగి నా వైపు చూశాడు. "అంచు కాదబ్బా, వాళ్లకు నువ్వు నడుమ వేసిన రంగు మీదుండాది కన్ను. తెర మీద ఉండేదే కావల్లంట, రవ్వంత కూడా తేడా రాకూడదంట. ఏం రంగది?"

నాలుగోది మామూలు ఆకుపచ్చే, ఏడో చీర రంగుకు మాత్రం నా దగ్గర పేరు లేదు. అంకెలూ అక్షరాలూ కలిపి ఆరుండే, కంప్యూటర్‌కు రంగు చెప్పే గుర్తు ఒకటి ఉంది. బావ దాన్ని అరచేతి మీద రాయించుకుని, పట్టుకు రంగులద్దే ఆయన దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది బస్సు నంబరా ఏమప్పా," అన్నాడు.

ఆ సాయంత్రమే ముగ్గురం కలిసి నెట్ సెంటర్‌కు పోయాం. ఒకరు పట్టే క్యాబిన్‌లో ముగ్గురం ఇరుక్కున్నాం. ఏడో చీర తెరిచాను. రంగులాయన మోచేతుల దాకా నీలం మరకలున్న చేతులతో సంచిలోంచి పట్టునూలు కట్టలు ఒక్కొక్కటే తీసి తెరకు ఆనిస్తున్నాడు. బావ తల అడ్డంగా ఊపుతున్నాడు. పక్క క్యాబిన్ల వాళ్లు లేచి తొంగిచూస్తున్నారు. ఆరో కట్టో ఏడో కట్టో ఆనించినప్పుడు బావ ఆయన మణికట్టు పట్టుకుని ఆపాడు.

"కదిలించొద్దు. ఇదే."