మూడు వందలు, దేంట్లో?

గాజులో బియ్యం పడే శబ్దం వేరు. స్టీలు గిన్నెలో పడితే గోల చేస్తాయి, చేటలో పడితే వాన మొదలైనట్టు ఉంటుంది. గాజులో మాత్రం ఎవరో గొంతు తగ్గించి రహస్యం చెబుతున్నట్టు సన్నగా జారతాయి. పోయిన వారం మా కోడలు కొత్తగా కొన్న గీతల గాజు కప్పులోకి బియ్యం ఒంపుతుంటే, వంకాయలు తరుగుతున్న నేను కత్తిపీట మీదే ఆగిపోయాను. "ఏమత్తా, అట్లయిపోతివి?" అంది. ఏం లేదులే అన్నాను. ఏం లేకపోవడమేమిటి, డాక్టర్ వసుంధరమ్మ వచ్చి నా వంటింట్లో నిలబడితే! తెల్లకోటు, భుజం మీద ఒక్క నిమిషం నిలవని కొంగు, కళ్లద్దాల పైనుంచి చూసే ఆ చూపు. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఆవిడను చూడని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. రాయడం నాకు కొత్త, మాట్లాడటం కొత్త కాదు. కాబట్టి మాట్లాడుతున్నట్టే రాస్తాను, కాస్త సర్దుకోండి.

ఎనభైల్లో తిరుపతిలో, రైల్వే స్టేషనుకు దగ్గరి సందులో నాకొక రవికల అంగడి ఉండేది. అంగడి అనడం నా గొప్ప. ఒక మిషను, ఒక బల్ల, ఒక అద్దం, కొలతలకు అడ్డంగా ఒక పాత చీర, అంతే. ఏడో తరగతిలో లెక్కల అయ్యవారు "రమణమ్మా, నీ నోటికుండే వేగం నీ చేతికి లేదు" అన్నారు. చేతికి వేగం నేర్పిద్దామని మా నాయన బడి మాన్పించి మిషను ముందు కూర్చోబెట్టాడు. చెయ్యి వేగం నేర్చుకుంది, నోటి వేగం తగ్గలేదు. కొలతలిచ్చేటప్పుడు సిగ్గుతో బిగుసుకుపోయిన ఆడవాళ్లను ఏదో ఒకటి అని నవ్వించేదాన్ని. నవ్వితే భుజాలు దిగుతాయి, దిగిన భుజం కొలతే అసలు కొలత. నా నోటికి ఇంకో ఉపయోగం కూడా ఉండేది. నాకు తెలియనిది ఎవరైనా ఎత్తితే ఒక జోకు వేసి అవతలి గట్టుకు దాటిపోయేదాన్ని. ఏడో తరగతితో ఆగిపోయిన సంగతి బయటపడకుండా అన్నేళ్లు అలాగే నెట్టుకొచ్చాను.

వసుంధరమ్మ మొదటిసారి మామూలుగా రవిక కుట్టించుకోవడానికే వచ్చింది. కుట్టిచ్చిన రవికను తొడుక్కొని చూసుకోవడానికి బదులు తిరగేసి లోపలి కుట్లు చూసింది. అట్లా చూసిన మనిషి ఆవిడొక్కతే. "నీ కుట్లు శానా బాగుండాయే" అంది. నేనూరుకుంటానా! "మీదీ కుట్టే పనే, నాదీ కుట్టే పనే డాక్టరమ్మా. మీ కుట్టు కనపడకపోతే మిమ్మల్ని మెచ్చుకొంటారు. నా కుట్టు కనపడకపోతే అసలు కుట్టినావా అని అడుగుతారు" అన్నాను. ఆవిడ బల్ల పట్టుకొని నవ్వింది. ఆ ఊపులో "మీరు ప్లాస్టిక్ సర్జరీ చేస్తారంటారే, అది బకెట్లు చేసే ప్లాస్టిక్కేనా?" అని కూడా అనేశాను. జోకు లాగే అన్నాను కానీ నిజంగా నాకు తెలియదు. ఆవిడకు అర్థమైనట్టుంది, ఈసారి నవ్వలేదు. "ఆ ప్లాస్టిక్కు కాదు రమణా. కాలిపోయిన చోటికి తొడమీద చర్మం తెచ్చి వేస్తాం. నువ్వు చీర అంచు కత్తిరించి రవిక చేతులకు వేయవా, అట్ల" అని బల్లమీద సుద్దముక్కతో గీసి మరీ చెప్పింది. స్టవ్వు పేలి కాలినవాళ్లు, నగరి మరమగ్గాల్లో వేళ్లు నలిగినవాళ్లు ఆవిడ దగ్గరికి వస్తారని అప్పుడే తెలిసింది. నా పిచ్చి ప్రశ్నకు అంత మర్యాదగా జవాబు చెప్పిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ నర్సింగ్ హోముకు రమ్మని కబురొచ్చింది. వెళ్తే బల్లమీద ఒక చిన్న సంచి ఉంది. గాలి పోయిన బెలూను లాగా మెత్తగా, పారదర్శకంగా, పక్కన సన్నటి గొట్టంతో. చిత్తూరులో బెల్లం మండీ నడిపే వాళ్లింటి కోడలు భాగ్యమ్మకు క్యాన్సరు గడ్డ వచ్చి, రెండేళ్ల కిందట ఒక రొమ్ము తీసేశారట. రోగం తిరగబెట్టలేదని పెద్దాసుపత్రి వాళ్లు తేల్చాక, ఆ పక్కన మళ్లీ ఆకారం నిలబెట్టమని ఈవిడ దగ్గరికి వచ్చిందట. "ఈ సంచిని ఖాళీగా లోపల పెట్టి, గొట్టంలోనించి సెలైను నింపుతాం. ఎప్పుడన్నా కారిపోయినా ఉప్పునీళ్లే గదా, ఒంట్లో ఇంకిపోతాయి" అంది. ఎంత నింపుతారని అడిగాను. "అదే గదా కష్టం. ఎక్కువ నింపితే బంతి మాదిరి గట్టిగా నిలబడతాది, పైన చర్మం ఓర్చుకోదు. తక్కువ నింపితే సంచి ముడతలు పడతాది. ముడత పడిన చోట ఏమవతాది?" నాకు తెలిసిన పాఠం వచ్చేసరికి ప్రాణం లేచొచ్చింది. "మడత కాడే బట్ట చిరుగుతాది" అన్నాను. "అంతే! ఒక్కో సంచికి ఇంతనించి ఇంతవరకే నింపాలని ఉంటాది. కాబట్టి ఎంత కావాలో ముందే తెలిస్తే, దానికి సరిపోయే సంచి మెడ్రాసునించి తెప్పించొచ్చు."

అందుకు ఆవిడ కనిపెట్టిన దారి ఇది. మల్లుగుడ్డతో నాలుగు చిన్న సంచులు కుట్టాలి. వాటిలో బియ్యం పోయాలి. రెండు వందల యాభై, రెండు వందల డెబ్బై ఐదు, మూడు వందలు, మూడు వందల ఇరవై ఐదు. భాగ్యమ్మ ఒక్కోదాన్ని రవికలో పెట్టుకొని ఇంటి పనులన్నీ చేసుకోవాలి. రెండో పక్కకు ఏది జోడీగా ఉందో ఆవిడే చెప్పాలి. "అద్దంలో ఒక నిమిషం చూసుకొని చెప్పేది కాదు ఇది. మోసి చూడాల" అంది డాక్టరమ్మ. నేను తల ఊపేశాను. పక్కనే చెట్టిగారి అంగడి. కాటా ఉంది, రాళ్లు ఉన్నాయి. మూడు వందలంటే మూడు వందల గ్రాములు, ఇంకేముంటుంది? సుబ్బరంగా తూచి, సంచుల్లో పోసి, మూతి కుట్టి, ఒక్కోదాని మీద అంకె కూడా ఎర్రదారంతో కుట్టాను.

భాగ్యమ్మ నా అంగడికి వచ్చిన రోజు కొంగు రెండు చుట్లు చుట్టుకొని వచ్చింది. ముప్పై ఐదేళ్లుంటాయి. పాతచీర అడ్డం లాగి మొదటి సంచి పెట్టాను. "ఇదేంది, కోడిగుడ్డు దాపెట్టినట్టుండాది" అంది. "పొదిగేసేరు, జాగర్త" అన్నాను. భుజాలు దిగాయి. మూడో సంచి, అంటే మూడు వందలది పెట్టాను. అద్దానికి ఎదురుగా నిలబడి, పక్కకు తిరిగి, వంగి, లేచి చూసుకుంది. "నాకు అందం వద్దు రమణమ్మా. రెండేండ్లుగా ఒక పక్కకు ఒరిగి నడస్తా ఉండా. మా ఇంట్లో ఎవురూ ఏమీ అనరు. అనకపోయేదే నాకు కష్టంగా ఉండాది. అద్దంలో సూసుకొంటే ఇది నేనే అని తెలిస్తే సాలు" అంది. నాలుగు సంచులూ ఇంటికి పట్టుకెళ్లింది. రెండు వారాలకు నేనూ ఉండగా నర్సింగ్ హోముకు వచ్చి మూడు వందలదే డాక్టరమ్మ చేతిలో పెట్టింది. "ఇది పెట్టుకొని పిండి రుబ్బితి, బట్టలు ఉతికితి. వీపు నొప్పి ల్యాదు."

డాక్టరమ్మ ఆ సంచిని అరచేతిలో అటూ ఇటూ తిప్పింది. "మూడు వందలు ఇంత ఉంటాదా?" అంది. ఆ ఒక్క క్షణంలో నేను "మీరేదాంట్లో చెప్పినారు డాక్టరమ్మా?" అని అడిగి ఉంటే ఈ కథ అక్కడే ఆగిపోయేది. ఆవిడ ముఖంలో అనుమానం చూశాను. దాని వెనక నాకు తెలియనిదేదో ఉందని కూడా పసిగట్టాను. నా నోరు అలవాటు చొప్పున ముందుకు దూకింది. "చిత్తూరు బియ్యం డాక్టరమ్మా, తిండిపుష్టి ఎక్కువ" అన్నాను. భాగ్యమ్మ నవ్వింది, నర్సు నవ్వింది, డాక్టరమ్మ కూడా నవ్వి కాగితం మీద మూడు వందలని రాసుకుంది. మెడ్రాసుకు మనిషిని పంపింది. సంచి వచ్చింది. ఆపరేషనుకు రోజు కుదిరింది.

ముందురోజు సాయంత్రం, ఆపరేషను తర్వాత తొడుక్కోవడానికి ముందు వైపు పూర్తిగా విప్పుకొనే రవిక ఒకటి కుట్టి పట్టుకెళ్లాను. భాగ్యమ్మ తలస్నానం చేసి, జడ అల్లుకొని, మంచం మీద పెళ్లికూతురిలా కూర్చుని ఉంది. బయట గదిలో నర్సు గీతలున్న గాజు గ్లాసులో నీళ్లు పోసి, కొత్తగా చేరిన అమ్మాయికి చూపిస్తోంది. "సూడు, రేపు సంచిలో నింపే మూడు వందల మిల్లీ లీటర్లంటే ఇంతే." నేను ఆ నీళ్ల వైపు చూశాను. కుట్టేవాళ్ల కంటికి కొలత ఊరికే తెలుస్తుంది. ఆ నీళ్లు నా సంచి కంటే తక్కువ. గుండె ఒక కుట్టు తప్పింది. బల్లమీద ఉన్న నా సంచి తీసుకొని, నడుముకున్న కత్తెరతో మూతి విప్పి, నీళ్లు పారబోసి, తుడిచిన ఆ గ్లాసులో బియ్యం పోశాను. సన్నగా జారుతూ, మూడు వందల గీత దాటి, మూడు వందల యాభై దాటి, అరవై దగ్గర ఆగాయి. తూకం వేరు, పరిమాణం వేరని నాకు గాజు గ్లాసు చెప్పింది. భాగ్యమ్మ చూసుకున్నది ఒకటి, రేపు ఆమె ఒంట్లో పెట్టబోయేది ఇంకొకటి. నిండా నింపినా ఆ సంచికి అంత ఓపిక లేదు.

నిజం చెబుతున్నాను, మొదట బియ్యం తిరిగి సంచిలో పోసేద్దామనుకున్నాను. ఎవరికి తెలుస్తుంది? కాస్త చిన్నదైతే ఆమె మాత్రం ఎవరితో చెప్పుకుంటుంది? ఆ ఆలోచన దగ్గరే భాగ్యమ్మ మాట గుర్తొచ్చింది. అద్దంలో చూసుకుంటే నేనే అని తెలియాలి. గ్లాసు రెండు చేతులా పట్టుకొని డాక్టరమ్మ గదిలోకి వెళ్లాను. జోకు కోసం వెతుక్కున్నాను, ఒక్కటీ దొరకలేదు. "నేను గ్రాముల్లో తూచినాను డాక్టరమ్మా. మీరు చెప్పింది వేరేదని నాకు తెలీదు. తెలీదని చెప్పడానికి నామోషీ అయింది" అన్నాను.

ఆవిడ కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది. తిడుతుందని నిలబడ్డాను. "దేంట్లో అని నువ్వడగలే. దేంట్లో అని నేను చెప్పిన్నా?" అంది. ఆలోచించాను. చెప్పలేదు. "చెప్పలే. నా బుర్రలో ఉండేది అందరి బుర్రల్లో ఉంటాదనుకొన్నా. పైగా అనుమానం వచ్చి కూడా ఊరకుండిపోయినా. తప్పు ఇద్దరిదీ. పద, ఇద్దరం పోయి ఆయమ్మకు చెప్దాం." నేను కదల్లేదు. అప్పుడు ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి అన్న మాట ఇది: "నవ్వించు రమణా. నువ్వు నవ్వించకపోతే ఈ గదిలోకి రావడానికి సగంమంది భయపడతారు. కానీ అడగాల్సింది అడిగినాక నవ్వించు."

భాగ్యమ్మ అంతా వింది. జడ చివర రిబ్బను వేలికి చుట్టి విప్పింది. "ఇంగ ఎన్ని దినాలు?" అంది. మూడు వారాలంది డాక్టరమ్మ. భాగ్యమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. నా వైపు తిరిగి, "సంచి లోపల పెట్టినాక ఈ మాట సెప్పుంటే ఏం సేద్దును రమణమ్మా? ముందే సెప్తివి, మేలు సేస్తివి" అంది. కొంచెం ఆగి, "చిత్తూరు బియ్యాన్ని మాత్రం ఇంగ ఏమనబాకు" అంది. నాకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి.

ఈసారి గాజు గ్లాసుతో కొలిచి సంచులు కుట్టాను. భాగ్యమ్మ మూడు వందల అరవై దగ్గర నిలబడింది. ఆ గీత మళ్లీ తప్పిపోకుండా గ్లాసు చుట్టూ ఎర్రదారం బిగించి ముడి వేశాను. పెద్ద సంచి వచ్చింది, ఆపరేషను జరిగింది. నేను బయట బెంచీ మీద కూర్చుని గోళ్లు కొరుక్కున్నాను. డాక్టరమ్మ బయటికొచ్చి చెప్పింది. మూడు వందల ముప్పై వరకు నింపి, మత్తులో ఉన్న మనిషిని బల్లమీదే కూర్చోబెట్టి, రెండు పక్కలూ చూసి, ఇంకో ఇరవై పోసి ఆపేసిందట. "నీ బియ్యం దారి చూపించె. ఆఖరి మాట ఆయమ్మ ఒళ్లు చెప్పె. ఆ దారం పది కిందికి జరుపు" అని గ్లాసు నా చేతిలో పెట్టింది. తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ తర్వాత అలాంటి వాళ్లు ఎవరొచ్చినా సంచులు కుట్టింది నేనే. ప్రతిసారీ ఆవిడ అంకె చెప్పేది, నేను "దేంట్లో?" అనేదాన్ని, ఆవిడ నవ్వుతూ జవాబు చెప్పేది.

ఆరు నెలలకు భాగ్యమ్మ రవిక కొలతలివ్వడానికి వచ్చింది. కొంగు ఒక్క చుట్టే. టేపు పెట్టి చూస్తే రెండు పక్కలకూ అరంగుళం తేడా. ఆమె ముఖం చిన్నబోయింది. "దిగులు పడబాకమ్మా. ఇన్నేండ్లుగా కుడతా ఉండా, రెండు పక్కలూ ఒకే కొలత ఉండే ఆడమనిషిని దేవుడు ఇంకా నా అంగడికి పంపలే" అన్నాను. అది జోకు కాదు, కొలత. అయినా ఇద్దరం పగలబడి నవ్వాం. నిటారుగా నడుచుకుంటూ సందు చివరిదాకా వెళ్లింది. నేను మిషను ఆపి చూస్తూ ఉండిపోయాను.

కోడలు కొత్త కప్పు చేతిలో పట్టుకొని ఇంకా నిలబడే ఉంది. "రెండు పోస్తే సాలా అత్తా?" అంది. "దేంట్లో రెండు?" అన్నాను. పాపం, ఈ ప్రశ్న ఆమె రోజూ వింటుంది. నేను లేచి, అలమర పై అరలోంచి పాత గ్లాసు దించాను. కడిగి కడిగి దాని మీది గీతలన్నీ చెరిగిపోయాయి, ఒక్క అంకె కూడా కనపడదు. ఎర్రదారం రంగు వెలిసింది కానీ ముడి వదల్లేదు. దానిలో బియ్యం పోసి, దారం దగ్గర ఆపి, కళ్లకెదురుగా ఎత్తి పట్టుకున్నాను. ఇప్పటికీ ఆ గ్లాసులో నాకు సరిగ్గా తెలిసిన కొలత అదొక్కటే.